తగ్గిన కిలోలు రిటర్న్ టికెట్ కొనుక్కునే వెళ్తాయా?

రెండు నెలల కిందట ఇదే పేజీలో బరువు తగ్గడం గురించి రాస్తూ చివర్లో ఒక్క లైను చేర్చాను, తగ్గి మళ్లీ పెరిగినవాళ్లు ఎవరైనా ఉంటే రాయండి అని. అంతే, ఉత్తరాలు, మెయిళ్లు గుట్టగా వచ్చి పడ్డాయి. ఎలా తగ్గాలి అని అడిగినవాళ్ల కంటే "తగ్గాను మేడం, నిలబెట్టుకోలేకపోయాను" అన్నవాళ్లే ఎక్కువ. సగం మంది ఆ మాట ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు సిగ్గుపడుతూ రాశారు. సిగ్గెందుకండీ, నేనూ ఆ బ్యాచే. 2011లో 11 కిలోలు తగ్గాను, 2013 కల్లా 8 తిరిగి తెచ్చుకున్నాను, అప్పటికి నేను డైటీషియన్‌గా రోజూ నలుగురికి చెప్పే ఉద్యోగంలోనే ఉన్నాను కూడా. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే. ఒకే రకం ప్రశ్నలు కలిపేశాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: నమస్తే మేడం గారూ. నాకు 47 ఏళ్లు. మూడేళ్ల కిందట మా అమ్మాయి పెళ్లి కుదిరినప్పుడు పట్టుబట్టి 8 నెలల్లో 78 కిలోల నుంచి 64కి వచ్చాను. రాత్రి అన్నం మానేసి పుల్కాలు, స్వీట్ల జోలికి పోలేదు, పొద్దున్నే 40 నిమిషాలు కాలవగట్టు మీద నడక. పెళ్లి పనులని ఆ 8 నెలలూ బెజవాడ, గుంటూరు కాలికి బలపం కట్టుకుని తిరిగాను, శుభలేఖలు పంచడానికే 20 ఊళ్లు. పెళ్లిలో అందరూ పెళ్లికూతురి అక్కలా ఉన్నావన్నారు. ఇప్పుడు 74. నడక ఒక్కరోజూ మానలేదు, ఒట్టు. తిండి కూడా పాత లెక్కలో తినడం లేదు. మా వారు వంటింట్లో దొంగతనంగా తింటున్నావని ఏడిపిస్తున్నారు. ఎక్కడ తప్పు జరిగింది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు మీ వారికి చెప్పండి, దొంగ మీరు కాదు. జవాబు మీ ఉత్తరంలోనే ఉంది, మీరే రాసి మీరే దాటేశారు. "కాలికి బలపం కట్టుకుని తిరిగాను" అన్నారు చూడండి, అదే. కాలవగట్టు మీద 40 నిమిషాలు మాత్రం వ్యాయామం ఖాతాలో వేసుకున్నారు, బెజవాడ బీసెంట్ రోడ్డులో, వస్త్రలత బట్టల మార్కెట్లో చీరల మూటలు పట్టుకుని మెట్లెక్కి దిగినవి, ఇరవై ఊళ్లలో గడప గడపకీ బొట్టు పెట్టి పిలిచినవి పెళ్లి పనుల ఖాతాలోకి పోయాయి. మీ ఒంటికి మాత్రం రెండూ ఒకటే. పెళ్లయింది, అమ్మాయి అత్తారింటికి వెళ్లింది, తిరుగుడు ఆగిపోయింది, నడక మాత్రం మిగిలింది.

మీకు తిరిగి మెయిల్ పెట్టి ఒక రోజు దినచర్య గంటలవారీగా రాయమన్నాను కదా, మీ అనుమతితోనే అది ఇక్కడ చెబుతున్నాను. 5.45కి నలుగురు స్నేహితురాళ్లతో నడక, మధ్యలో తూము మీద పది నిమిషాల కూర్చోవడం (అక్కడే ఊరి కబుర్లన్నీ అయిపోతాయని మీరే రాశారు). పదిన్నరకి వంట, పని మనిషితో పని పూర్తి. 11 నుంచి 1 దాకా సోఫాలో ఫోన్. భోజనం, కునుకు. సాయంత్రం ఒక గంట అటూ ఇటూ. ఆరున్నర నుంచి పదిన్నర వరకు సీరియల్స్. నిద్ర కాకుండా మీరు కూర్చున్న గంటలు నేను కూడితే తొమ్మిదిన్నర వచ్చాయి. కబుర్లాడుతూ నిదానంగా నడిచిన అరగంటకి ఖర్చయ్యేది మహా అయితే 100 క్యాలరీలు, ఒక పుల్కా, కాస్త పప్పు. తొమ్మిదిన్నర గంటల ముందు అదెంతండీ!

దీని మీద జేమ్స్ లెవీన్ అని అమెరికాలో మయో క్లినిక్ డాక్టర్ చేసిన పని నాకు చాలా ఇష్టం. 1999లో 16 మందికి రోజూ అవసరానికి మించి 1000 క్యాలరీలు 8 వారాల పాటు పెట్టారు. అందరూ తిన్న అదనం ఒకటే, ఒకరికి చేరిన కొవ్వు అర కిలో కూడా లేదు, ఇంకొకరికి 4 కిలోలు దాటింది. తేడా జిమ్ముల్లో లేదు. కొందరి ఒళ్లు దానంతట అదే ఎక్కువ కదిలింది, ఊరికే లేవడం, అటూ ఇటూ తిరగడం, కాళ్లూ చేతులూ ఒకచోట ఉంచకపోవడం. తర్వాత 2005లో పది మంది సన్నగా ఉన్నవాళ్లకీ పది మంది కాస్త లావుగా ఉన్నవాళ్లకీ లోదుస్తుల్లో సెన్సర్లు కుట్టి పది రోజులు ప్రతి కదలికా కొలిచారు. లావుగా ఉన్నవాళ్లు రోజుకి రెండు గంటలకు పైగా ఎక్కువ కూర్చుంటున్నారని తేలింది. ఆ రెండు గంటలూ వీళ్లు కూడా వాళ్లలాగే లేచి తిరిగితే రోజుకి దాదాపు 350 క్యాలరీలు ఎక్కువ ఖర్చవుతాయని లెక్క.

ఇంకో సంగతి, ఇది ఎవరూ ముందుగా చెప్పరు. 64 కిలోల మనిషికి 78 కిలోల మనిషికి కావలసినంత తిండి అక్కర్లేదు, మోసే బరువే తగ్గింది కదా. పైగా తగ్గిన ఒళ్లు కరువొచ్చిందనుకుని ఖర్చు ఇంకా బిగపడుతుంది, ఆకలి పెంచుతుంది. అమెరికాలో బరువు తగ్గే పోటీ ఒకటి టీవీలో వచ్చేది, అందులో పాల్గొన్న 14 మందిని కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త బృందం 6 ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షించి 2016లో ప్రచురించింది. పోటీలో సగటున 58 కిలోలు తగ్గినవాళ్లు అందులో 41 కిలోలు తిరిగి తెచ్చుకున్నారు. ఊరికే పడుకున్నప్పుడు ఒళ్లు ఖర్చు చేసేది ఉండాల్సిన దానికంటే రోజుకి దాదాపు 500 క్యాలరీలు తక్కువ, అదీ ఆరేళ్ల తర్వాత కూడా.

ఈ లెక్క పేపర్లలో వచ్చినప్పుడు అందరూ "ఇంకేం లాభం" అని నీరుగారిపోయారు. కానీ మరుసటి ఏడాది అదే బృందం రాసిన రెండో భాగం ఎవరూ పెద్దగా చదవలేదు. పోటీ జరుగుతున్న నెలల్లో ఎవరు ఎక్కువ తగ్గారన్నది తిండి ఎంత తగ్గించారన్న దాన్ని బట్టి ఉంది. ఆరేళ్ల తర్వాత ఎవరు నిలబెట్టుకున్నారన్నది మాత్రం తిండిని బట్టి కాదు, ఎంత కదులుతున్నారన్న దాన్ని బట్టి. నిలబెట్టుకున్నవాళ్లు పోటీకి ముందుకంటే కదలిక 160 శాతం పెంచారు, పెరిగినవాళ్లు 34 శాతం. నిలబెట్టుకోవాలంటే రోజుకి సుమారు 80 నిమిషాల మోస్తరు శ్రమ, లేదా 35 నిమిషాల గట్టి శ్రమ కావాలని వాళ్ల అంచనా. అంటే తగ్గించిన మందూ నిలబెట్టే మందూ ఒకటి కాదు. మీరు మొదటి మందే ఇంకా వాడుతున్నారు.

80 నిమిషాలని కంగారు పడకండి, ఒక్క ఊపున చేయాలని ఎవరూ అనలేదు. పొద్దున నడక ఎలాగూ ఉంది, తూము ఒక్కటి మానేయండి, మాట్లాడగలిగి పాట పాడలేనంత వేగంతో నడవండి. స్నేహితురాళ్లు కోప్పడితే ముందు చకచకా నడిచేసి తర్వాత కూర్చోండి. మధ్యాహ్నం భోజనం కాగానే సోఫాలోకి కాకుండా పదిహేను నిమిషాలు వరండాలో తిరగండి, రాత్రి భోజనం తర్వాత ఇంకో పదిహేను. షుగర్ ఉన్నవాళ్లకి ఈ తిన్న తర్వాత నడక మరీ మంచిది. ఫోన్ వస్తే లేచి నిలబడి మాట్లాడండి, మీ చెల్లెలితో రోజూ అరగంట మాట్లాడతానని రాశారు, ఆ అరగంట చాలు. సీరియల్ మానేయమని నేను చెప్పను, చెప్పినా మీరు వినరు. నాలుగింట్లో రెండు పెట్టుకోండి, ప్రకటనలు వచ్చినప్పుడల్లా లేవండి. మన సీరియల్స్‌లో ప్రకటనలకేం తక్కువ!

ప్రశ్న: హాయ్ అక్కా, నేను గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్, 31 ఇయర్స్. లాస్ట్ ఇయర్ 12 కిలోలు తగ్గా, ఈ మధ్య 4 పెరిగా. వారానికి ఐదు రోజులు గంట చొప్పున జిమ్ చేస్తా, ఆ విషయంలో నో కాంప్రమైజ్. మిగతా 11 గంటలు కుర్చీలోనే. అందుకే స్టాండింగ్ డెస్క్ కొన్నా, వాచ్ కూడా కొన్నా, గంటగంటకీ లేవమని చేతి మీద కొడుతుంది. అయినా వెయిట్ కదలట్లేదు. ఇంకేం కొనాలి?
– ఒక తమ్ముడు, హైదరాబాద్

జవాబు: ఏమీ కొనొద్దు నాన్నా.

నిలబడే బల్ల సంగతి ముందు తేల్చేద్దాం. కూర్చోవడానికీ నిలబడటానికీ తేడా నిమిషానికి 0.15 క్యాలరీ, అంతే. 65 కిలోల మనిషి రోజుకి 6 గంటలు కూర్చోవడం మానేసి నిలబడితే ఎక్కువ ఖర్చయ్యేది 54 క్యాలరీలు. సగం అరటిపండు. నడుము నొప్పికి పనికొస్తే ఉంచుకో, బరువుకైతే అది కుర్చీకి అన్న లాంటిది. నిలబడటం కదలడం కాదు, కాళ్లు ముందుకు పడాలి.

వాచ్ సంగతి ఇంకా తమాషా. పిట్స్‌బర్గ్‌లో 470 మంది దాకా యువతీ యువకులతో రెండేళ్లు ఒక అధ్యయనం నడిచింది, 2016లో ఫలితాలు వచ్చాయి. అందరికీ తిండి సలహా, వ్యాయామ సలహా ఒకటే, ఆరు నెలలయ్యాక సగం మందికి ఒంటికి కట్టుకునే పరికరం అదనంగా ఇచ్చారు. రెండేళ్లకి పరికరం లేనివాళ్లు సగటున 5.9 కిలోలు తగ్గి ఉన్నారు, ఉన్నవాళ్లు 3.5. వాచ్ పాపమేం చేసింది అనకు, నా అనుమానం ఏంటంటే, అడుగులు లెక్క చూపించగానే మనకి లోపల ఒక లైసెన్స్ వచ్చేస్తుంది, ఇవాళ కోటా అయిపోయింది, బిర్యానీ ఆర్డర్ పెట్టుకోవచ్చు అని. ఇది నా అనుమానమే, ఆ అధ్యయనం తేల్చింది కాదు.

నీ జిమ్‌కీ అదే జబ్బు ఉందేమో చూసుకో. జిమ్ చేసిన రోజు లిఫ్ట్ ఎక్కుతున్నావా? కాలు నొప్పులని రెండో అంతస్తుకి కూడా లిఫ్టేనా? పాల ప్యాకెట్ పది నిమిషాల్లో ఇంటికొచ్చేస్తోందా? మన తాతలకి జిమ్ లేదు, కానీ పాల కోసం, కూరల కోసం, ఉప్పు కోసం విడివిడిగా మూడుసార్లు వీధిలోకి వెళ్లేవాళ్లు. నీ ఫోన్ ఆ మూడూ మింగేసింది, నువ్వు మళ్లీ నెలకి రెండు మూడు వేలు కట్టి ట్రెడ్‌మిల్ మీద నడుస్తున్నావు.

మా నాన్న ఆర్టీసీలో కండక్టర్. నాన్న జంట డ్రైవర్ ఒకాయన ఉండేవారు, ఇద్దరూ ఒకే క్యారేజీలోది పంచుకుని తినేవాళ్లు, ఆయన పొట్ట స్టీరింగ్‌కి ఆనేది, మా నాన్న ప్యాంటు బెల్టు లేకపోతే జారిపోయేది. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, సరిగ్గా ఇదే సంగతి లండన్‌లో జెరెమీ మోరిస్ అనే డాక్టర్ 1953లోనే రాశాడని. డబుల్ డెక్కర్ బస్సుల్లో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకంటే కూర్చుని నడిపే డ్రైవర్లకి గుండెపోట్లు ఎక్కువ. తర్వాత ఆయన యూనిఫాం కొలతల రికార్డులు కూడా తిరగేశాడు, డ్రైవర్ల నడుము కొలతలు పెద్దవి. అయితే ఉద్యోగంలో చేరిన రోజే డ్రైవర్లు కొంచెం బొద్దుగా ఉన్నారని కూడా అందులోనే తేలింది, కాబట్టి తప్పంతా సీటు మీదకి తోసేయలేం. మా నాన్న కూడా పుట్టు బక్కే అనుకో.

మరి గంట జిమ్ దండగా? కాదు. 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో పది లక్షల మందికి పైగా లెక్కలు కలిపి చూస్తే, రోజుకి 8 గంటలకు మించి కూర్చునేవాళ్లలో కూడా రోజూ 60 నుంచి 75 నిమిషాలు మోస్తరు శ్రమ చేసేవాళ్లకి, కూర్చోవడం వల్ల ముందుగా చనిపోయే ప్రమాదం దాదాపు పోయింది. అది ఆయుష్షు లెక్క, బరువు లెక్క కాదు. నీకు కావలసింది రెండూ కదా. జిమ్ ఉంచు. కాల్స్‌లో కెమెరా అక్కర్లేనివన్నీ నడుస్తూ మాట్లాడు, ఆఫీస్ క్యాబ్ గేటు దగ్గర దిగు, మంచినీళ్ల బాటిల్ చిన్నది పెట్టుకో, ఎక్కువసార్లు లేవాల్సొస్తుంది. మెట్లు.

ప్రశ్న: రోజుకి 10 వేల అడుగులు తప్పనిసరా? 9 వేలు అయితే ఆ రోజు వేస్టేనా?
– కరీంనగర్ నుంచి ఒకరు

జవాబు: కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే చిన్న యంత్రం అమ్ముతూ దానికి వాళ్ల భాషలో పది వేల అడుగుల మీటర్ అని పేరు పెట్టింది, ఆ అంకె అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. డాక్టర్లు తేల్చిన గీత కాదది. పెద్ద వయసు ఆడవాళ్ల మీద 2019లో వచ్చిన అధ్యయనంలో 4400 అడుగుల దగ్గరే ఆయుష్షు లాభం కనపడింది, 7500 దాటాక పెద్దగా పెరగలేదు. బరువు నిలబెట్టుకోవడానికైతే ఎక్కువ నడిస్తే ఎక్కువ లాభమే. మీరు ఇప్పుడు 4 వేలు నడుస్తుంటే 6 వేలకి రండి, పదివేలని గోడ మీద రాసుకుని మూడో రోజు మానేయకండి.

ప్రశ్న: మేడం, పొద్దున ఐదింటికి లేస్తే రాత్రి పదింటికి నడుం వాలుస్తా. ఇంటెడు చాకిరీ. మళ్లీ వేరే వాకింగ్ చేయమంటే ఎట్లా? ఇంటిపని వ్యాయామం కాదా? మా ఇంట్లో 'నీకేం పని, ఇంట్లోనే ఉంటవ్ గదా' అంటరు.
– ఒక అమ్మ, వరంగల్

జవాబు: ఆ మాట అన్నవాళ్లని ఒక్క ఆదివారం మీ పని చేయమనండి, ఆ తర్వాత నడక గురించి మాట్లాడుకుందాం.

ఇప్పుడు అసలు సంగతి. ఇంటిపనిలో రెండు రకాలుంటాయి, అలసట కలిగించేదీ ఆయాసం కలిగించేదీ. మా అమ్మమ్మ రోట్లో పిండి రుబ్బేది, బావిలో నీళ్లు చేదేది, వడ్లు దంచేది, సాయంత్రానికి గంటన్నర గట్టి శ్రమ ఊరికే అయిపోయేది. ఆవిడకి వ్యాయామం అనే మాటే తెలియదు. ఇప్పుడు మిక్సీ, మోటారు, వాషింగ్ మెషీన్ వచ్చాయి, రావాలి కూడా, ఆ రోజులు బంగారం అని నేను అనను, ఆవిడ నలభై ఏళ్లకే నడుం పట్టుకుని ఉండేది. కానీ పని తగ్గిందా అంటే లేదు, చెమట పట్టే పని తగ్గి నిలబడి చేసే పని మిగిలింది. పొయ్యి ముందు నిలబడటం, కూరగాయలు తరగడం, టిఫిన్ డబ్బాలు కట్టడం, వీటితో కాళ్లు పీకుతాయి, ఊపిరి మాత్రం వేగం పుంజుకోదు. కింద కూర్చుని ఇల్లు తడిగుడ్డతో తుడవడం, దుప్పట్లు పిండి ఆరేయడం, నీళ్ల బిందెలు పైకి మోయడం, వాకిలి ఊడ్చి కల్లాపి చల్లడం, ఇవి లెక్కలోకి వస్తాయి, ధైర్యంగా వేసుకోండి.

ఇది మీ ఒక్కరి కథ కూడా కాదు. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన లెక్క ప్రకారం 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్లలో సగం మంది చాలినంత కదలడం లేదు, మగవాళ్లలో 42 శాతం, ఆడవాళ్లలో 57 శాతం. ఇంటిపని కూడా కలిపి వేసిన లెక్కే అది. అంటే రోజంతా పనిలో ఉన్న మనిషి కూడా చాలినంత కదలని జాబితాలో పడొచ్చు. అన్యాయంగా ఉంది కదూ, నాకూ అలాగే అనిపించింది.

అందుకే మిమ్మల్ని ఇంకో పని నెత్తిన పెట్టుకోమనను. సాయంత్రం అరగంట ఆ ఇంట్లో ఎవరో ఒకరు మీకు ఇవ్వాలి, కుక్కర్ వాళ్లు పెట్టాలి, మీరు చెప్పులేసుకుని బయటికి వెళ్లాలి. ఒంటరిగా వెళ్లండి, పిల్లాడి ట్యూషన్ దింపడానికి కాదు, కూరగాయల సంచితో కాదు.

ప్రశ్న: నేను బరువు తగ్గే ఇంజెక్షన్ వాడుతున్నాను. 10 నెలల్లో 15 కిలోలు తగ్గాను. ఖర్చు భరించలేక ఆపేద్దామనుకుంటున్నాను. మళ్లీ పెరుగుతానా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆపే ముందు రాసిచ్చిన డాక్టర్‌తో మాట్లాడండి, మీకు షుగర్ కూడా ఉంటే మరీనూ. ఇక మీ ప్రశ్నకి: కదలిక మారకుండా మందు మాత్రమే ఆగితే పెరిగే అవకాశమే ఎక్కువ. సెమాగ్లుటైడ్ అనే బరువు తగ్గే ఇంజెక్షన్ మీద జరిగిన పెద్ద అధ్యయనంలో మందు ఆపిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. మందు ఆకలిని నొక్కి పట్టుకుంటుంది, చెయ్యి తీయగానే అది లేస్తుంది.

డెన్మార్క్‌లో చేసిన పని మీకు పనికొస్తుంది. 195 మంది ముందు 8 వారాలు గట్టి డైట్‌తో సగటున 13 కిలోలు తగ్గారు. ఆ తర్వాత ఏడాది పాటు కొందరికి వ్యాయామం, కొందరికి లిరాగ్లుటైడ్ అనే అలాంటి ఇంజెక్షనే, కొందరికి రెండూ, కొందరికి ఉత్తుత్తి ఇంజెక్షన్. ఏడాదయ్యాక అన్నీ ఆపేసి మరో ఏడాది తర్వాత పిలిచి చూశారు. ఇంజెక్షన్ మాత్రమే తీసుకున్నవాళ్లు బాగా పెరిగారు, దానితో పాటు వ్యాయామం చేసినవాళ్లు చాలా మేరకు నిలబెట్టుకున్నారు. మందు ఆగిపోయింది గానీ అలవాటు ఎంతో కొంత మిగిలింది మరి.

కాబట్టి మందు ఆపాక నడక మొదలుపెడదాంలే అనుకోవద్దు, మందు నడుస్తున్నప్పుడే, ఆకలి గొడవ లేని ఈ రోజుల్లోనే మొదలుపెట్టండి. 15 కిలోలు తగ్గారంటే అందులో కొంత కండ కూడా పోయి ఉంటుంది, వారంలో రెండు రోజులైనా బరువులు ఎత్తాలి, కంచంలో పప్పు, గుడ్డు, పెరుగు, చేప ఏదో ఒకటి ప్రతి పూటా ఉండాలి. ఖర్చు భరించలేక ఆపుతున్నానని రాశారు, నడకకి ఆ బెంగ లేదు. ఆర్కే బీచ్ మీకు దగ్గరే కదా.

ప్రశ్న: అమ్మా, వయసు 66. రిటైరయ్యాక 9 కిలోలు పెరిగాను, డాక్టరు గారు గట్టిగా చెబితే 6 తగ్గాను. ఇప్పుడు మోకాళ్లు సహకరించడం లేదు, నడవలేను. కూర్చుంటే బరువు, లేస్తే నొప్పి. ఏం చెయ్యమంటారు?
– ఒక పెద్దాయన, రాజమహేంద్రవరం

జవాబు: బాబాయ్ గారూ, కూర్చుని తింటే కొండలైనా తరుగుతాయంటారు, కొండల సంగతేమో గానీ నడుము మాత్రం తరగదు. మీ ఉద్యోగం రోజుల్లో బస్టాప్ దాకా నడక, ఆఫీసు మెట్లు, మధ్యాహ్నం టీ కొట్టు, అవన్నీ జీతంతో పాటే ఆగిపోయాయి. రిటైరైనవాళ్లు చాలామంది ఇలాగే పెరుగుతారు, తిండి పెరిగి కాదు.

మోకాలు నొప్పి అంటే మోకాలికి సెలవు అని కాదు. తొడ కండరం బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. చేతులున్న గట్టి కుర్చీ ఒకటి గోడకి ఆనించి పెట్టుకోండి. అందులోంచి లేవండి, మళ్లీ నెమ్మదిగా కూర్చోండి, దబ్బున కూలబడకుండా. మొదట్లో చేతుల సాయంతో ఐదుసార్లు, రెండు వారాలయ్యాక పది, తర్వాత చేతులు వదిలేసి. పొద్దున, సాయంత్రం. దీనితో పాటు కదలని సైకిల్ తొక్కొచ్చు, సమతలం మీద పది నిమిషాల చొప్పున రోజుకి మూడుసార్లు నడవొచ్చు, ఒకేసారి అరగంట అక్కర్లేదు. కుర్చీలోంచి లేచేటప్పుడు చిన్న నొప్పి ఉంటే భయపడొద్దు, మోకాలు వాచినా, రాత్రికి నొప్పి పెరిగినా, నడుస్తుంటే గుండెలో బరువుగా అనిపించినా ఆపేసి డాక్టర్‌కి చూపించండి.

బరువు యంత్రం కంటే మీకు టేపు మంచిది. మనవాళ్లకి పొట్ట దగ్గర చేరే కొవ్వే చేటు, మగవాళ్లకి నడుము కొలత 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. పంచె కట్టేచోట కాదు, బొడ్డు దగ్గర కొలవండి.

ప్రశ్న: మేడం, మేము డాలస్‌లో ఉంటాం. పోస్ట్‌కి కూడా కారే. ఇండియా వచ్చిన నెలలో పెళ్లిళ్లు, పూతరేకులు, నాటుకోడి, అన్నీ తిన్నా 2 కిలోలు తగ్గి వెళ్తాను, ఇక్కడ సలాడ్ తింటూ పెరుగుతాను. ఇదేం మాయ?
– ఒక సోదరి, టెక్సస్

జవాబు: మాయేం లేదు, తెనాలి ఆవిడకి రాసిన జవాబు మళ్లీ చదవండి. అక్కడ మీరు సలాడ్ తిని కారెక్కుతున్నారు, ఇక్కడ పూతరేకులు తిని అమ్మమ్మగారింటికి, గుడికి, బట్టల కొట్టుకి తిరుగుతున్నారు. వేసవిలో అక్కడి ఎండకి బయట నడవలేమంటారు కాబట్టి ఏదైనా పెద్ద మాల్‌లో పొద్దున్నే రెండు చుట్లు తిరగండి, పర్సు మాత్రం కార్లో వదిలేసి వెళ్లండి.

ప్రశ్న: బరువు రోజూ చూసుకోవాలా? చూసుకుంటే టెన్షన్, చూసుకోకపోతే భయం. ఎన్నాళ్లిలా జాగ్రత్తగా ఉండాలి?
– చాలామంది

జవాబు: అమెరికాలో 1994లో రీనా వింగ్, జేమ్స్ హిల్ అనే ఇద్దరు ఒక రిజిస్ట్రీ, అంటే బరువు తగ్గి నిలబెట్టుకున్నవాళ్ల జాబితా, మొదలుపెట్టారు. కనీసం 13.6 కిలోలు తగ్గి, ఏడాదికి పైగా నిలబెట్టుకున్నవాళ్లే అందులో చేరాలి. పది వేల మందికి పైగా చేరారు. ఓడిపోయినవాళ్లని కాకుండా గెలిచినవాళ్లని అడిగి చూద్దామన్న ఆలోచన నాకు నచ్చింది. వాళ్లలో 90 శాతం మంది సగటున రోజుకి గంట శ్రమ చేస్తారు, ఎక్కువమంది చేసేది నడకే. 62 శాతం మంది వారానికి పది గంటల లోపే టీవీ చూస్తారు. 75 శాతం మంది వారానికి ఒక్కసారైనా బరువు చూసుకుంటారు. తమంతట తాము వచ్చి చేరినవాళ్లు కాబట్టి టీవీ కట్టేసినందుకే బరువు నిలబడిందని దీన్ని బట్టి అనలేం, కానీ ఇంతమంది ఒకేలా బతుకుతున్నారంటే నేనైతే పట్టించుకుంటాను.

రోజూ చూసుకుంటే టెన్షన్ అయితే వారానికోసారి చూసుకోండి. ఒంట్లో నీరు, ముందురోజు తిన్న పచ్చడి ఉప్పు, వీటికే కిలో అటూ ఇటూ అవుతుంది, దానికి కంగారొద్దు. వరుసగా రెండు మూడు వారాలు పైకే పోతుంటే అప్పుడు కదలండి. ఐదు కిలోలు పెరిగాక మేల్కోవడం కంటే రెండు దగ్గర మేల్కోవడం చాలా తేలిక, 2013లో నేను బరువు యంత్రాన్ని మంచం కిందకి తోసేసి ఆ తేలికని పోగొట్టుకున్నాను.

ఎన్నాళ్లంటారా, నేను రెండోసారి తగ్గి తొమ్మిదేళ్లయింది, ఇంకా చూసుకుంటూనే ఉన్నాను. ప్రతి ఆదివారం పొద్దున, కాఫీకి ముందు. నా గీత 63. పోయిన ఆదివారం 64.2 చూపించింది, దసరా సెలవుల్లో చెల్లెలి ఇంట్లో పది రోజులు కూర్చున్న ఫలితం. ఈ వారమంతా మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ ఎక్కలేదు, మాది నాలుగో అంతస్తు, మూడో అంతస్తులో ఉండే మామ్మగారు "ఏమ్మా, లిఫ్ట్ పాడైందా" అని రోజూ అడుగుతున్నారు.